మదర్‌బోర్డుకే సగం డబ్బు పెట్టాలా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

మా అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. 'గేమింగ్ పీసీ కొనేవాళ్ళకు ముఖ్య గమనిక' అని పైన తాటికాయలంత అక్షరాలు. కింద ఐదు ముక్కలు. మదర్‌బోర్డు, అంటే ప్రాసెసర్, ర్యామ్, కార్డులు అన్నీ గుచ్చే పెద్ద పలక, కంప్యూటర్‌కు గుండెకాయ కాబట్టి సగం డబ్బు దానికే పెట్టాలి. గేమింగ్‌కు ఇంటెల్‌లో జెడ్ సిరీసో ఏఎండీలో ఎక్స్ సిరీసో, అంటే ఖరీదైన బోర్డులే తప్ప వేరేది పనికిరాదు. పీసీఐఈ 5.0 (కార్డు గుచ్చే స్లాట్‌లో కొత్త తరం) లేకపోతే గ్రాఫిక్స్ కార్డు సగం స్పీడే ఇస్తుంది. ఒకసారి ఖరీదైన బోర్డు కొంటే పదేళ్ళపాటు ఏ ప్రాసెసరైనా పడుతుంది. ఖరీదైన బోర్డయితే కరెంటు ఎక్కువ తక్కువైనా ఏమీ కాదు.

ఎవరో రాసుకున్నారులే అని వదిలేసేవాణ్ణే. కానీ మా పక్కవీధి పిల్లోడు, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, ఆ మెసేజ్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అన్నా, నాయన 80 వేలు ఇస్తానన్నాడు. బోర్డుకు 35 వేలు అనుకున్నా. మిగతా 45లో అన్నీ వస్తాయా?"

"ఏమప్పా, బొమ్మ గీసేది బోర్డా, గ్రాఫిక్స్ కార్డా?" అన్నాను. పిల్లోడు ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. అందుకే ఇది రాస్తున్నాను.

గుండెకాయ సంగతి ముందు. బోర్డు గుండెకాయ కాదు, ఇంటి వైరింగ్ లాంటిది. వైరింగ్ నాసిగా ఉంటే ఇల్లంతా ఇబ్బందే, నిజం. అలాగని రెండింతలు ఖరీదైన వైరు వేస్తే ఫ్యాను రెండింతలు తిరగదు. ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది. ర్యామ్‌తో మాట్లాడే చిప్ బోర్డు మీదే ఉండేది, బోర్డును బట్టి స్పీడు మారేది. ప్రాసెసర్ కంపెనీల్లో ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో మొదటి కోర్ ఐ7తో ఆ పనిని ప్రాసెసర్ లోపలికి తీసుకెళ్ళాయి. తర్వాత గ్రాఫిక్స్ కార్డుకు వెళ్ళే దారి కూడా నేరుగా ప్రాసెసర్ నుంచే పోతోంది. అందుకే అదే ప్రాసెసర్, అదే కార్డు, అదే ర్యామ్, అవే సెట్టింగులు పెట్టి, సరిపడా కరెంటు ఇవ్వగల రెండు బోర్డుల మీద ఆడి చూస్తే, ఒకటి 12 వేలదైనా ఇంకొకటి 40 వేలదైనా ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు తెర మీద ఎన్ని బొమ్మలు మారతాయన్న లెక్కలో) తేడా కంటికి ఆనదు. ఆ మిగిలిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు పైకి వెళ్తే మాత్రం బాగా ఆనుతుంది.

బోర్డు మీదికి నెపం పోవడం నేను చాలాసార్లు చూశాను. ఒక స్నేహితుడు ఎఫ్‌పీఎస్ 20 దాటడం లేదని, బోర్డు మారుస్తానని కూర్చున్నాడు. వెళ్ళి చూస్తే మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా బోర్డు వెనకున్న హెచ్‌డీఎంఐకి గుచ్చాడు. ఇంకొకరికి డీడీఆర్5 ర్యామ్ 6000ది కొన్నా 4800 మీదే నడుస్తోంది. బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల్లోకి) వెళ్ళి, ర్యామ్‌ను దాని పూర్తి స్పీడుకు తెచ్చే ఎక్స్‌పో ఆన్ చేస్తే సరిపోయింది. ఇంటెల్ బోర్డుల్లో దాన్నే ఎక్స్‌ఎంపీ అంటారు.

జెడ్, ఎక్స్ సిరీస్ మాట. జెడ్ బోర్డుకు ఎక్కువ డబ్బు పెట్టేది ముఖ్యంగా ఓవర్‌క్లాకింగ్ కోసం, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడు దాటి నడపడం కోసం. అది కూడా పేరులో 'కె' ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌తోనే. 'కె' లేని ఐ5-12400ఎఫ్ తీసుకుని జెడ్790 బోర్డు కొనడమంటే సైకిల్‌కు ఫాస్టాగ్ అంటించడమే. ఏఎండీలో మధ్యరకం బోర్డు బి650 కూడా ఓవర్‌క్లాకింగ్‌కు ఒప్పుకుంటుంది. ఎక్స్ బోర్డులో అదనంగా వచ్చేవి ఎక్కువ యూఎస్‌బీ పోర్టులు, ఎక్కువ ఎస్‌ఎస్‌డీ స్లాట్లు. నాలుగు ఎస్‌ఎస్‌డీలు పెట్టుకునేవాళ్ళు కొనుక్కోవచ్చు. మా పిల్లోడికి ఉన్నది ఒకటే.

అయితే ఈ ఒక్కచోట మెసేజ్ రాసినాయన నిజానికి కొంచెం దగ్గరగా వచ్చాడు. మరీ చవక బోర్డు మన ఊళ్ళలో నిజంగానే ఇబ్బంది పెడుతుంది. ఎందుకంటే ఎండ. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు చుట్టుపక్కలకు దించేది బోర్డు మీది వీఆర్‌ఎం. ఆ పని చేసేటప్పుడు అది వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే ప్రాసెసర్‌ను నెమ్మదించమంటుంది, ఆట మధ్యలో జర్కులు మొదలవుతాయి. ఏసీ గదిలో కూర్చుని చేసిన రివ్యూలో ఇది కనబడకపోవచ్చు. ఏప్రిల్, మేలో బయట 40 దాటుతుంది. పిల్లోడి గది మిద్దె మీద, పైన నేరుగా స్లాబు. సాయంత్రం ఆరింటికి గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఎంత బోర్డు కావాలన్నది ప్రాసెసర్ కరెంటు ఎంత తాగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. రైజెన్ 5 7600 మామూలు సెట్టింగుల్లో 88 వాట్ల దగ్గర ఆగుతుంది. ఐ9-14900కె 253 వాట్ల దాకా పోతుంది. మొదటిదానికి చక్కగా సరిపోయే బోర్డు రెండోదానికి అగ్గిపెట్టె అవుతుంది. కాబట్టి చిప్‌సెట్ పేరు (జెడ్790, బి650 లాంటివి) చూసి కాదు, వీఆర్‌ఎం మీద లోహపు హీట్‌సింక్ ఉందా లేదా చూసి కొనండి. హెచ్610, ఏ620 లాంటి చవక బోర్డుల్లో చాలా మోడళ్ళకు అదే ఉండదు. హెచ్610లో ర్యామ్‌ను ఎక్స్‌ఎంపీ స్పీడుకు పెంచడం కూడా కుదరదు.

పీసీఐఈ 5.0 గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు తయారయిందే 4.0కి. దాన్ని 5.0 స్లాట్‌లో పెట్టినా 4.0 లాగే నడుస్తుంది. ఆర్‌టీఎక్స్ 5090 అంతటి కార్డుకు కూడా 4.0కు, 5.0కు మధ్య తేడా ఒక శాతం అటూ ఇటూ. పాత 3.0 బోర్డులో ఎనిమిది లేన్లే (డేటా వెళ్ళే దారులు) వాడుకునే 4060 లాంటి కార్డు వేస్తే కొన్ని ఆటల్లో కొంత తగ్గుతుంది. అది పాత బోర్డు ఉన్నవాళ్ళ గోడు, కొత్తది కొనేవాళ్ళది కాదు.

పదేళ్ళ మాట వింటే మాత్రం నవ్వొస్తుంది. ఏ ప్రాసెసర్ పడుతుందో తేల్చేది బోర్డు ధర కాదు. సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు), దానికి తోడు కంపెనీ దయ. 2017 జనవరిలో ఇంటెల్ జెడ్270 వచ్చింది, మామూలు ఇంటెల్ బోర్డుల్లో అప్పటికి అదే పెద్దది. అదే అక్టోబరులో ఎనిమిదో తరం ప్రాసెసర్లు వచ్చాయి. సాకెట్ చూడ్డానికి అదే, జెడ్270లో మాత్రం నడవవు. పట్టుమని పది నెలలు కాలేదు! అదే 2017లో వచ్చిన ఏఎండీ బి350 చవక బోర్డుల్లో చాలావాటికి 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీ కూడా బయోస్ అప్‌డేట్‌తో ఎక్కింది. ముందుముందు ప్రాసెసర్ మార్చే ఆలోచన ఉంటే సాకెట్ చూసుకోండి. ఏఎం5 సాకెట్‌కు 2027 దాకా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ కథ 14వ తరంతో ముగిసినట్టే, 2024లో వచ్చిన కోర్ అల్ట్రాలకు సాకెట్ మారిపోయింది.

ఇక్కడే మెసేజ్ రాసినాయన మరిచిపోయిన చిన్న బటన్ ఒకటుంది, బయోస్ ఫ్లాష్‌బ్యాక్. పాత స్టాకు బోర్డు, కొత్త ప్రాసెసర్ కొంటే, ఆ పాత బయోస్ దాన్ని గుర్తుపట్టక తెర మీద ఏమీ రాకపోవచ్చు. ఈ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చవచ్చు. లేకపోతే వేరే ప్రాసెసర్ ఉన్న షాపు వెతకాలి. మనవాళ్ళు కొనేది బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో, ఇంటికి 200 కిలోమీటర్ల పైమాట. అక్కడే డబ్బా తెరిపించి, సాకెట్‌లో పిన్నులు వంగాయేమో ఫోన్ టార్చి వేసి చూసుకోండి. ఇంటికొచ్చాక వంగి ఉన్నాయంటే వారంటీలో ఒప్పుకోరు. సాకెట్ పైనుండే ప్లాస్టిక్ మూత పారేయకండి.

చివరిది, కరెంటు. ఇది అబద్ధం మాత్రమే కాదు, ప్రమాదం కూడా. ఇంట్లోని 230 వోల్టులు బోర్డు దాకా రానే రావు. ఎస్‌ఎంపీఎస్ దాన్ని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి పంపుతుంది. కాబట్టి కాపాడాల్సింది మంచి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, ఎర్తింగ్. బోర్డులోకి బయటినుంచి నేరుగా వచ్చే దారి ఒకటుంది, ఇంటర్నెట్ తెచ్చే ల్యాన్ కేబుల్. స్తంభం మీదనుంచి మిద్దెలమీదుగా లాగే రాగి కేబుల్ పిడుగు పడితే సర్జ్‌ను మోసుకొస్తుంది. నా ల్యాన్ పోర్టు ఒక మే నెల వానకు అలాగే పోయింది. అది ఖరీదైన బోర్డే. ప్లగ్గు పీకాను గానీ ల్యాన్ పీకలేదు.

పిల్లోడు చివరికి వీఆర్‌ఎం హీట్‌సింక్, ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న ఒక బి650 చిన్న బోర్డు తీసుకున్నాడు. మిగిలింది గ్రాఫిక్స్ కార్డుకు, ఎస్‌ఎంపీఎస్‌కు పోయింది. బిగించిన రోజు రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటాంది. బోర్డు చవకదని అంతేనా?"

పొద్దున ఎలక్ట్రీషియన్‌ను తీసుకుని వెళ్ళాను. స్విచ్ బోర్డు విప్పితే మూడో బెజ్జం వెనక ఎర్త్ వైరే లేదు. వైరు కలిపించి, పెరట్లో ఎర్త్ గుంత చూపించమన్నాం. నెర్రెలిచ్చి ఉంది. వాళ్ళ నాయన రెండు బిందెల నీళ్ళు పోస్తూ, "ఇల్లు కట్టినప్పటినుంచి దీంట్లో నీళ్ళు పోసినోళ్ళు లేరప్పా" అన్నాడు.