ఫైలు అక్కడే ఉంది, ప్రోగ్రామే వేరేచోట ఉంది

కోడ్‌లో ఫైలుకు పూర్తి పాత్ (ఏయే ఫోల్డర్ల లోపల ఉందో చెప్పే చిరునామా) రాయకుండా ‘డేటా డాట్ డీబీ’ అని ఒట్టి పేరు రాసి ఊరుకునే ప్రోగ్రామర్లను అందరూ ఆడిపోసుకుంటారు. ఇది ఘోరమైన అన్యాయం. పూర్తి పాత్ రాసేది పిరికివాళ్లు. పేరు మాత్రం రాసి మిగతాది దేవుడికి వదిలేసేవాడు భక్తుడు.

ఆ దేవుడి పేరు కరెంట్ వర్కింగ్ డైరెక్టరీ, అంటే ప్రోగ్రామ్ ప్రస్తుతం నిలబడి ఉన్న ఫోల్డర్. ప్రతి ప్రాసెస్‌కూ, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కూ, ఒకటి ఉంటుంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో స్లాష్‌తో మొదలుకాని పాత్‌ను సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్ అక్కడి నుంచే వెతుకుతుంది. ప్రోగ్రామ్ ఫైలు డిస్కులో ఎక్కడుందో దానికి అనవసరం. పిలిచిన తల్లి ప్రాసెస్ ఎక్కడుంటే పిల్ల కూడా అక్కడే పుడుతుంది. లినక్స్‌లో నాస్తికులెవరైనా ఉంటే, ప్రోక్ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఆ ప్రాసెస్ నంబరు ఫోల్డర్లో సీడబ్ల్యూడీ అనే లింకు చూసి అనుమానం తీర్చుకోవచ్చు.

మన భక్తుడు ప్రాజెక్టు ఫోల్డర్లోకి సీడీ (ఫోల్డర్ మారే కమాండ్) కొట్టి స్క్రిప్టు నడుపుతాడు. నడుస్తుంది. తర్వాత దాన్నే, వేళకు పనులు నడిపే క్రాన్‌కు అప్పగిస్తాడు. క్రాన్ దాన్ని హోమ్ డైరెక్టరీలో నిలబెడుతుంది. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీకి అప్పగించి, వర్కింగ్‌డైరెక్టరీ అనే వరుస మరిచిపోతే ఏకంగా అన్ని ఫోల్డర్లకూ పైనుండే రూట్‌లో. విండోస్ సర్వీసైతే విండోస్ సొంత ఫోల్డరైన సిస్టమ్32లో. ఫైలు దొరకలేదని ఎర్రర్ వస్తుంది. భక్తుడు ఫైలును కళ్లారా చూసి, పర్మిషన్లు 777 చేసి (అంటే అందరికీ అన్నీ తెరిచేసి), సర్వర్ రీస్టార్ట్ చేసి, చివరికి ‘నా మెషీన్లో పనిచేసిందండీ’ అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఎర్రర్ రావడం అదృష్టమే. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ అయితే మామూలుగా ఆ మర్యాద కూడా పాటించదు. అడిగిన పేరుతో డేటాబేస్ కనబడకపోతే, నిలబడ్డచోటే ఖాళీది ఒకటి సృష్టించేస్తుంది. తర్వాత ‘అలాంటి టేబుల్ లేదు’ అంటుంది. భక్తుడు డేటా అంతా పోయిందని బ్యాకప్ వెతుకుతాడు. పైథాన్ ఇంకో రకంగా ఊరిస్తుంది: స్క్రిప్టును నేరుగా నడిపితే ఇంపోర్ట్ (వేరే కోడ్ ఫైలును, అంటే మాడ్యూల్‌ను, తెచ్చుకునే ఆదేశం) మాత్రం ముందుగా స్క్రిప్టు ఉన్న ఫోల్డర్లోనే వెతుకుతుంది. పక్కనున్న మాడ్యూల్ దొరుకుతుంది, దాని పక్కనున్న ఫైలు దొరకదు.

పిరికివాళ్ల పద్ధతి చప్పగా ఉంటుంది. స్క్రిప్టు తన పాత్ తానే కనుక్కుని, ఆ ఫోల్డర్‌కు ఫైలు పేరు అతికిస్తుంది. క్రాన్ వరుసలో ముందు సీడీ, ఆపైన && (ముందుది నెగ్గితేనే తర్వాతది నడిపే గుర్తు), ఆపైన కమాండ్. అక్కడ సెమీకోలన్ పెట్టేవాళ్లు వేరే కోవకు చెందిన వీరులు. బిల్డ్ ఫోల్డర్లోకి వెళ్లి అంతా తుడిచెయ్యమని రాస్తారు. ఫోల్డర్ లేక సీడీ విఫలమైనా తుడవడం ఆగదు, నిలబడ్డచోటే కానిచ్చేస్తుంది.

స్క్రిప్టులో సీడీ రాసి, నడిపాక టెర్మినల్ కదల్లేదని విస్తుపోయేవారికి ఒక ఊరట. యూనిక్స్ తొలిరోజుల్లో దాన్ని కట్టినవాళ్లకే ఇది జరిగిందని, వాళ్లలో ఒకడైన డెన్నిస్ రిచీ రాశాడు. ఫోర్క్ (పిల్ల ప్రాసెస్‌ను పుట్టించే ఏర్పాటు) వచ్చాక డైరెక్టరీ మార్చే కమాండ్ ఉన్నట్టుండి పనిచేయడం మానేసింది. పిల్ల ప్రాసెస్ బుద్ధిగా తన డైరెక్టరీ మార్చుకుని ముగిసిపోతోంది, తల్లి మాత్రం ఉన్నచోటే ఉంటోంది. అందుకే ఆ పని, మనం కొట్టే కమాండ్లను చదివి నడిపే షెల్ లోపలికే చేరింది.

ఇక కూర్చున్న కొమ్మ సంగతి. లినక్స్‌లో ఒక టెర్మినల్ ఫోల్డర్లో ఉండగా, పక్క టెర్మినల్ నుంచి ఆ ఫోల్డర్‌ను తీసేసి అదే పేరుతో మళ్లీ పెడితే, మొదటిది పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. పక్కన ఫోల్డర్ నిండుగా కనిపిస్తుంటే ఇక్కడ ఎల్ఎస్ (ఫోల్డర్లో ఉన్నవి చూపే కమాండ్) కొడితే ఖాళీ. ఒక్క సీడీతో బయటికెళ్లి, పూర్తి పాత్‌తో తిరిగొస్తే సరిపోతుంది. భక్తుడు అంతదూరం ఆలోచించడు, మెషీన్ రీస్టార్ట్ చేస్తాడు. ఈసారి అది నిజంగానే పనిచేస్తుంది కాబట్టి వచ్చేసారి కూడా అదే చేస్తాడు.