రసమట్టం

అమెరికన్ గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ 'ఓటిస్ బ్లూ' రికార్డు కొని నాలుగు నెలలైంది. ఇంకా వినలేదు. కొన్న రోజే విని పాడు చేసుకునే రకం కాదు నేను. రిథమ్ అండ్ బ్లూస్ అనే ఆ నల్లజాతి అమెరికన్ల సంగీతాన్ని ఆస్వాదించడం అంటే బండి దగ్గర నిలబడి మిర్చి బజ్జీ తినడం కాదు కదా, దానికో పద్ధతుంది.

ముందు ప్లేయర్ కొన్నాను. తర్వాత దానికో బల్ల. బల్ల అదరకుండా కింద నల్ల గ్రానైట్ పలక. సూది బరువు తూచడానికి, బంగారం కొట్లో ఉండేలాంటి బుల్లి త్రాసు. ఇంతా అయ్యాక తెలిసింది, ప్లేయర్ మట్టంగా లేకపోతే సూది ఓ పక్కకి లాగేస్తుందట. పై అంతస్తులో గోడ కడుతున్న మేస్త్రీ దగ్గరికెళ్ళి రసమట్టం అడిగి తెచ్చాను. రసాన్ని కొలిచే పరికరం ఇన్నేళ్ళుగా తాపీ మేస్త్రీల సంచుల్లో పడుందని మన ఆలంకారికులకి తెలియకపోవడం జాతి దురదృష్టం.

గాజు గొట్టంలో బుడగ గోధుమగింజంత ఎడమకి జరిగి ఉంది. కుడి కాలు కింద విజిటింగ్ కార్డు దోపాను. బుడగ కుడికి పోయింది. కార్డు తీసి బస్ టికెట్ పెట్టాను. మూడు ఆదివారాలు ఇదే సాధన. చివరికి ఓ సాయంత్రం బుడగ రెండు గీతల మధ్య నిలిచింది. ఊపిరి బిగబట్టి, ఇక వినే ముందు ఆ రికార్డు పుట్టుపూర్వోత్తరాలు కాస్త చదువుదామని కూర్చున్నాను. అక్కడే కొంప మునిగింది.

ఆ రికార్డు చేసిన స్టూడియో నేలే వాలుగా ఉందట! అమెరికాలో మెంఫిస్ నగరంలో మెక్‌లెమోర్ అవెన్యూలో ఉన్న స్టాక్స్ అనే రికార్డు కంపెనీ ఓ పాత సినిమా హాలు అద్దెకి తీసుకుని, కుర్చీలు పీకేసి, నేలని అలాగే వదిలేసింది. వెనక వరసలవాళ్ళకి తెర కనబడాలని ఎప్పుడో వేసిన వాలు అది. ముందు వైపు పాప్‌కార్న్ అమ్మే చోట రికార్డుల కొట్టు పెట్టారు. నేనేమో ఇక్కడ బస్ టికెట్ మందం కోసం మూడు ఆదివారాలు ధారపోశాను.

తవ్వేకొద్దీ ఘోరాలే. ఆల్బమ్‌లో ఇంచుమించు అన్ని పాటల్నీ 1965 జూలై 9, 10 తేదీల్లో, దాదాపు ఒక్క రోజులో కానిచ్చేశారు. ఆ రోజులో కూడా మధ్యలో ఓ విరామం. ఎందుకయ్యా అంటే, వాయించేవాళ్ళకి ఆ రాత్రి ఊళ్ళో వేరే ప్రోగ్రాములున్నాయట. వెళ్ళి అవి వాయించుకుని, అర్ధరాత్రి దాటాక తిరిగొచ్చి మళ్ళీ మొదలుపెట్టారు. మా ఇంటికి స్పీకర్లు బిగించడానికొచ్చిన కుర్రాడు ఇంతకన్నా ఎక్కువ రోజులు తీసుకున్నాడు.

గాయకుడి సంగతి సరే. 1962లో జానీ జెంకిన్స్ అనే గిటారిస్టుని మేకన్ అనే ఊరి నుంచి ఈ స్టూడియోకి కార్లో తీసుకొచ్చిన డ్రైవర్ ఈయన. ఆ గిటారిస్టు పని అనుకున్నట్టు సాగక కాస్త టైమ్ మిగిలితే, పాడనిచ్చారు. అర్హత పత్రం ఎవరూ అడిగినట్టు లేదు. ఇక 'శాటిస్‌ఫాక్షన్' పాట. గిటారిస్టు స్టీవ్ క్రాపర్ ముందున్న కొట్లోంచి రోలింగ్ స్టోన్స్ అనే ఇంగ్లీషు బృందం రికార్డు తెచ్చి, విని మాటలు రాసిస్తే, ఓటిస్ కొన్ని వాటిలోంచి, కొన్ని తనకి తోచినవి పాడేశాడు. గిటార్ బాణీని బాకాలకి అప్పజెప్పారు. అసలు దాన్ని కట్టిన స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ మనసులో ముందునుంచీ బాకాలే ఉన్నాయట! తప్పు చేసి కూడా ఒప్పుకి చేరడం నా దృష్టిలో క్రమశిక్షణారాహిత్యమే. అట్ట మీద చూద్దామా అంటే ఓటిస్ లేడు, ఎవరో బంగారు జుట్టమ్మాయి పడుకుని ఉంది.

ఈ అభియోగాలన్నీ కాగితం మీద పెడుతుండగా మేస్త్రీ తన సామాను కోసం వచ్చాడు. ప్లేయర్ వంక కాసేపు చూసి, "పాడదా సార్ ఇది?" అన్నాడు. నా పరువు పోయేట్టుంది. విధిలేక సూది దించాను.

'ఐ హావ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్' వచ్చింది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ బాకాలు పైకి పోతుంటే, ఓటిస్ మాత్రం తొందరపడడు. ఒక్క మాటని పట్టుకుని లాగుతాడు, ఇక తెగుతుందనగా వదిలి మళ్ళీ అందుకుంటాడు. అల్ జాక్సన్ డ్రమ్ము ఎక్కడా ముందుకి దూకదు. 23 ఏళ్ళ మనిషికి ఆ గొంతులో అంత వయసు ఎక్కడిదో నా త్రాసుకి అందలేదు. రెండేళ్ళకి విమానం కూలి విస్కాన్సిన్‌లో ఓ సరస్సులో పోయాడు. పాట అయ్యేదాకా మేస్త్రీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

తేరుకుని నేల గొడవ అతనికి చెప్పాను. ఆ హాలుని 1989లో పడగొట్టారనీ, 2003లో అదే చోట మ్యూజియం కట్టి, అందులో స్టూడియో నేలని కావాలనే మళ్ళీ వాలుగా వేశారనీ కూడా చెప్పాను. మనమూ హాల్లో అలా వేయించుకోవచ్చా అని అడిగాను.

"బాత్రూమ్‌కైతే అందరూ వేయించుకుంటారు సార్, నీళ్ళు పోవాలి కాబట్టి" అన్నాడు. రసమట్టం చంకలో పెట్టుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి కళ్ళతోనే కొలిచాడు.

"అడుక్కి ఎంత వాటం ఇమ్మంటారు?"