బ్యాటరీ మీద బ్యాటరీ పెడితే పేటెంట్ ఇచ్చేస్తారా? ఆ సందేశంలో దాదాపు అంతా తప్పే

కొన్ని వారాలుగా ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. నాకే నాలుగుసార్లు వచ్చింది. "మాడ్యూళ్లు ఒకదానిమీద ఒకటి పేర్చుకునే పోర్టబుల్ పవర్ స్టేషన్‌కి ఒక కంపెనీ పేటెంట్ తెచ్చేసుకుంది. ఇక ప్రపంచంలో ఎవరు అలాంటిది చేసినా కేసే. బ్యాటరీ మీద బ్యాటరీ పెట్టడం కూడా ఆవిష్కరణేనా? పేటెంట్ ఆఫీసుల్లో ఎవరూ చదవరు, ఫీజు కడితే ముద్ర కొట్టేస్తారు. చేసి తీరాలంటే డిజైన్ 10 శాతం మార్చండి, ఎవరూ ఏమీ చేయలేరు. కొనేవాళ్లకు మాత్రం భయం లేదు, అన్నీ పరీక్షించాకే పేటెంట్ ఇస్తారు." దీనితో పాటు ఆ పత్రం మొదటి పేజీ ఫోటో ఒకటి.

ఎవరూ చదవరన్న మాటా, అన్నీ పరీక్షించి ఇస్తారన్న మాటా ఒకే సందేశంలో ఉన్నాయి. రెండూ తప్పే. నేను పదేళ్లకు పైగా పేటెంట్ దరఖాస్తులు రాస్తూ, వాటిని పరిశీలించే పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ల అభ్యంతరాలకు జవాబులు ఇస్తూ ఉన్నాను. అందులో బ్యాటరీలకు సంబంధించినవి చాలానే ఉన్నాయి. ఇలాంటివి వస్తే చదివి వదిలేసేవాణ్ణి. కానీ ఏడాదిగా సొంతంగా ఒక పవర్ స్టేషన్, అంటే మోసుకెళ్లగల పెద్ద బ్యాటరీ పెట్టె, తయారు చేసుకుంటున్న కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, నా పనంతా బూడిదలో పోసిన పన్నీరేనా?" అని అడిగాడు. పని ఆపేద్దామనుకుంటున్నాడు. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

"పేటెంట్ తెచ్చేసుకుంది." తెచ్చుకోలేదు. ఫోటోలోనే ఆ సంగతి ఉంది. పైన కుడివైపు ఉన్న నంబరు డబ్ల్యూఓ అనే అక్షరాలతో మొదలై ఏ1తో ముగుస్తోంది. డబ్ల్యూఓ అంటే పీసీటీ అనే పేటెంట్ సహకార ఒప్పందం కింద వేసిన అంతర్జాతీయ దరఖాస్తు. మొదటి దరఖాస్తు తేదీ నుంచి 18 నెలలు దాటగానే దాన్ని ప్రచురిస్తారు. ప్రచురించడానికీ మంజూరు చేయడానికీ సంబంధం లేదు. చివర ఉన్న ఏ1 అంటే సెర్చ్ రిపోర్టుతో (ఇలాంటిది ముందే ఉందా అని పాత పత్రాలు వెతికిన నివేదికతో) కలిపి ప్రచురించిన దరఖాస్తు అని అర్థం. డబ్ల్యూఓ నంబరుతో పేటెంటు అనేది ఎక్కడా ఉండదు. దాన్ని ప్రచురించే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (వైపో) పేటెంట్లు ఇవ్వదు. ఇచ్చేది ఆయా దేశాల ఆఫీసులు, లేదా యూరప్‌లోలా కొన్ని దేశాలకు కలిపి ఉన్న ఆఫీసులు. యూరప్ ఆఫీసులో మంజూరైన పేటెంటు నంబరు చివర బీ1 అని ఉంటుంది. ఈ ఒక్క అక్షరం చూసి ఉంటే సందేశం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేది.

"ప్రపంచంలో ఎవరు చేసినా కేసే." ప్రపంచ పేటెంట్ అనేది లేదు. పీసీటీ దరఖాస్తు వేసినవాళ్లు మొదటి తేదీ నుంచి 30 నెలల్లో, కొన్ని చోట్ల 31 నెలల్లో, కావలసిన ప్రతి దేశంలో విడిగా ఫీజు కట్టి, అవసరమైతే అనువాదాలు ఇచ్చి లోపలికి వెళ్లాలి. వెళ్లని దేశంలో వాళ్లకు హక్కు లేదు. వెళ్లిన చాలా దేశాల్లో పరీక్ష మళ్లీ జరుగుతుంది. ఒకే దరఖాస్తు ఒక చోట మంజూరై, మరో చోట తిరస్కరణకు గురై, ఇంకో చోట సగానికి కుదించుకుపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇక అసలు ప్రశ్న. "బ్యాటరీ మీద బ్యాటరీ పెట్టడం కూడా ఆవిష్కరణేనా?" కాదు. ఇందులో సందేశం రాసినవారితో నాకు పేచీ లేదు, చట్టానికీ లేదు. ఇటలీ శాస్త్రవేత్త వోల్టా రాగి, జింకు బిళ్లలను ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలతో కలిపి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు లోకానికి తెలిపింది 1800లో. అంతకు ముందే అమెరికాలో ఫ్రాంక్లిన్, విద్యుత్తును నిల్వచేసే లేడెన్ జాడీలను వరుసగా కలిపి, ఆ గుంపును బ్యాటరీ అన్నాడు. ఆ పేరే గుంపు నుంచి వచ్చింది. అమెరికా కోర్టులు ఈ విషయాన్ని ముక్కలు ముక్కలుగా ఎప్పుడో తేల్చాయి. ఉన్న భాగాన్నే మరికొన్నిసార్లు పెట్టినంత మాత్రాన, ఊహించని ఫలితం రాకపోతే దానికి పేటెంట్ విలువ లేదని 1960లో హార్జా కేసులో చెప్పారు. మోసుకెళ్లేలా చేసినంత మాత్రాన సరిపోదని 1952లో లిండ్‌బర్గ్ కేసులో చెప్పారు. అంటే "మాడ్యులర్", "పోర్టబుల్" అన్న రెండు మాటలూ వాటంతట అవి ఎగ్జామినర్ ముందు నిలబడవు. తెలిసిన భాగాలను కలిపితే అందరూ ఊహించే ఫలితమే వచ్చినప్పుడు అది ఆవిష్కరణ కాకపోవచ్చని 2007లో కేఎస్ఆర్ తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. భారత పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) ఉన్నదే దీనికోసం. తెలిసిన పరికరాలు దేని పని అది తెలిసిన పద్ధతిలో చేసుకుంటుంటే, వాటిని కేవలం పక్కపక్కన అమర్చడం, అటూఇటూ మార్చడం, రెట్టింపు చేయడం ఆవిష్కరణ కాదు.

కానీ బ్యాటరీ మీద బ్యాటరీ పెట్టడం కాదు ఇక్కడి సమస్య. పెట్టిన క్షణంలో ఏం జరుగుతుందన్నది సమస్య. ఇది సందేశం రాసినవారికి కనపడలేదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు 16 వరుసగా కలిపిన మాడ్యూళ్లు రెండు తీసుకోండి. ఒక్కోటీ పేరుకు 51.2 వోల్టులు. ఒకటి నిండుగా ఉంది, 54 వోల్టులు చూపిస్తోంది. రెండోది వాడేసింది, 50 దగ్గర ఉంది. తేడా 4 వోల్టులే. చూడ్డానికి ఏమీ కాదు. ఇప్పుడు రెండింటినీ సమాంతరంగా కలపండి. సెల్లులు, తీగలు, కనెక్టరు అన్నీ కలిపి దారిలో ఉన్న నిరోధం 40 మిల్లీఓమ్‌లు అనుకుంటే, 4ను 0.04తో భాగించండి. 100 ఆంపియర్లు! బయట ఏ లోడూ లేకుండా, నిండు మాడ్యూల్ నుంచి ఖాళీ మాడ్యూల్‌లోకి, పిన్ను ఇంకా పూర్తిగా కూర్చోకముందే. కనెక్టరు అంచు కాలి నల్లబడిన మాడ్యూళ్లు నేను చేతిలో పట్టుకుని చూశాను. తీసేటప్పుడు ఇంకో తలనొప్పి. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా గుండా వెళుతుంది కాబట్టి నిప్పురవ్వ తనంతట తాను ఆరే అవకాశం ఉంది. డీసీకి ఆ సున్నా లేదు. లోడ్ నడుస్తుండగా మాడ్యూల్ లాగితే ఆ నిప్పురవ్వ (ఆర్క్) ఆరకుండా సాగుతూ ఉంటుంది.

దీనికి ఇంజనీర్లు పట్టుకున్న ఉపాయాల్లో ఒకటి పిన్నుల పొడవు. దగ్గర్లో మామూలు యూఎస్‌బీ ప్లగ్ ఉంటే ఒకసారి లోపలికి చూడండి. అంచుల్లో ఉన్న రెండు పట్టీలు పొడుగ్గా, మధ్యలోవి రెండూ కాస్త పొట్టిగా ఉంటాయి. ముందు కరెంటు తగలాలి, తర్వాత డేటా తగలాలి అని అలా చేశారు. బ్యాటరీ మాడ్యూల్‌లో ఇదే ఆలోచనను తీసేటప్పటి కోసం వాడుకుంటారు. పొట్టి సిగ్నల్ పిన్ను అన్నిటికన్నా ముందు ఊడుతుంది, ఊడగానే బ్యాటరీని కాపలా కాసే లోపలి సర్క్యూట్ (బీఎంఎస్) స్విచ్‌లు ఆపేస్తుంది, పవర్ పిన్నులు విడిపోయేసరికి వాటిలో కరెంటు ఉండదు. కలిపేటప్పుడు ముందు వోల్టేజీలు పోల్చుకోవడం, తేడా తగ్గేదాకా కరెంటును అదుపులో ఉంచడం, ఏ మాడ్యూల్ ఎన్నో అంతస్తులో ఉందో దానంతట అదే గుర్తుపట్టడం ఇవన్నీ నిజమైన పనులు. వీటిలోనూ చాలావరకు ఇప్పటికే తెలిసినవే. అయినా పేటెంట్ అంటూ వస్తే ఇలాంటి చోట దొరికిన కొత్త చిన్న ముక్కకు వస్తుంది. పేర్చడానికి రాదు.

"ఎవరూ చదవరు, ఫీజు కడితే ముద్ర కొట్టేస్తారు." ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. ఎందుకంటే చదివినవాళ్ల చేతిలో దెబ్బలు తిన్నవాణ్ణి నేను. పత్రంలో పేరు, బొమ్మలు, వివరణ ఎన్ని ఉన్నా హక్కు ఉండేది చివర్లో ఉండే క్లెయిముల్లోనే, అంటే దేనిమీద హక్కు కావాలో చెప్పే వాక్యాల్లోనే. ఎగ్జామినర్ మొదటి క్లెయిమును మాట మాటగా విడగొడతాడు. బేస్ యూనిట్, అందులో ఇన్వర్టర్, దానిపై అమరే రెండు మాడ్యూళ్లు, పైన సాకెట్, కింద ప్లగ్. ప్రతి ముక్కకూ పాత పత్రాల్లో జోడీ వెతుకుతాడు. బ్యాటరీ పెట్టెల అమరికకు హెచ్01ఎం 50, చార్జింగ్ సర్క్యూట్లకు హెచ్02జె 7 అని వర్గాలుంటాయి. వెతుకులాట అక్కడ మొదలై యూపీఎస్‌లు, సర్వర్ ర్యాకులు, బ్యాటరీ డ్రిల్లుల దాకా పోతుంది. దొరికిన ప్రతి పత్రం పక్కన ఒక అక్షరం వేస్తాడు. ఎక్స్ అంటే ఆ పత్రం ఒక్కటే మీ క్లెయిమును కూలగొట్టగలదు. వై అంటే ఇంకోదానితో కలిస్తే కూలగొడుతుంది. ఏ అంటే నేపథ్యం మాత్రమే.

ఒకసారి మేం రాసిన క్లెయిములో "విడదీయగల" అన్న మాట మీద చాలా నమ్మకం పెట్టుకున్నాం. ఎగ్జామినర్ ఒక పాత యూపీఎస్ పత్రం చూపించాడు. అందులో అదనపు బ్యాటరీ పెట్టె వెనక నుంచి కేబుల్‌తో తగులుతుంది. మావి నేరుగా ఒకదానిలో ఒకటి దిగుతాయి, కేబుల్ లేదు కదా అని వాదించాం. మీ క్లెయిములో కేబుల్ ఉండకూడదని ఎక్కడుంది అని అడిగాడు. నిజమే, రాయలేదు. మా బొమ్మలో ఉంది, మా మనసులో ఉంది, క్లెయిములో లేదు. మూడు విడతల జవాబుల తర్వాత మంజూరైన క్లెయిము మేం మొదట రాసినదానికి రెండింతలు పొడుగు. క్లెయిములో మాటలు పెరిగేకొద్దీ హక్కు సన్నబడుతుంది. పరీక్ష అంటే చాలాసార్లు ఈ సన్నబడటమే.

తప్పులు జరగవని నేను చెప్పను. ఇవ్వకూడని పేటెంట్లు ఇస్తారు. ఎగ్జామినర్‌కు ఒక్కో దరఖాస్తు మీద దొరికే సమయం తక్కువ. ముఖ్యంగా ఈ రంగంలో పాత జ్ఞానం అంతా పేటెంట్ పత్రాల్లో ఉండదు, యూజర్ మాన్యువళ్లలో, విడదీసి చూపించిన వీడియోల్లో ఉంటుంది. అవి వెతుకులాటలో తప్పిపోతాయి. అందుకే బయటివాళ్లకు దారి పెట్టారు. భారత్‌లో మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం వేయవచ్చు. యూరప్ ఆఫీసుకు ఎవరైనా పాత ఆధారాలు పంపవచ్చు, మంజూరయ్యాక 9 నెలల్లోపు వ్యతిరేకించవచ్చు. అమెరికాలోనూ బయటివాళ్లు పత్రాలు పెట్టే వీలుంది. తేదీతో ఉన్న ఒక్క పాత మాన్యువల్, దరఖాస్తు తేదీ కన్నా ముందుదైతే చాలు, లెక్క మారిపోతుంది. కోపంతో సందేశం పంపిన వేలమందిలో అలాంటి మాన్యువల్ అల్మారాలో ఉన్నవాళ్లు ఎవరో ఒకరుండే ఉంటారు.

"10 శాతం మార్చండి." అలాంటి నియమం ఏ దేశంలోనూ లేదు. ఇది నమ్మి నష్టపోయేవాళ్లు ఉంటారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మంజూరైన క్లెయిములోని అన్ని అంశాలూ మీ పెట్టెలో ఉంటే, మీరు రంగు, పిడి, సైజు, తెర అన్నీ మార్చి ఇంకో పది సదుపాయాలు కలిపినా ఉల్లంఘనే. ఒక్క అంశం నిజంగా లేకపోతే, దాని పని చేసే సమానమైనది కూడా లేకపోతే, మిగతా అంతా ఒకేలా ఉన్నా ఆ క్లెయిము మీకు తగలదు. శాతాలతో పని లేదు.

"పరీక్షించాకే ఇస్తారు కాబట్టి భయం లేదు." ఎగ్జామినర్ కాగితాన్ని పరీక్షిస్తాడు. ఆ పెట్టె అతని బల్ల మీదికి రాదు. పెట్టెను కొట్టి, వేడిచేసి, కుదిపి చూసే పరీక్షలు వేరు. లిథియం బ్యాటరీల రవాణాకు యూఎన్ 38.3, పోర్టబుల్ పవర్ ప్యాకులకు యూఎల్ 2743 లాంటివి. పేటెంట్ ఉండి ఇవేవీ లేని పెట్టె ఉండొచ్చు, ఇవన్నీ ఉండి పేటెంట్ లేనిదీ ఉండొచ్చు. కొనేవాళ్లు పేటెంట్ నంబరు చూసి ఇంట్లో మంచం పక్కన చార్జింగ్ పెట్టుకోకండి, దయచేసి.

ఆ కుర్రాడితో కూర్చుని ఆ డబ్ల్యూఓ పత్రం చివరిదాకా చదివాం. వెనక సెర్చ్ రిపోర్టు ఉంది. మొదటి క్లెయిము ఎదురుగా రెండు ఎక్స్‌లు. రెండు నుంచి ఆరు దాకా ఎక్స్‌లు, వైలు. ఏడో క్లెయిము దగ్గర మాత్రమే ఏ ఉంది. అందులో పొట్టి పిన్ను తగిలాక వోల్టేజీలు పోల్చి, తేడా ఎక్కువుంటే ఏ మాడ్యూల్ ముందు లోడ్ మోయాలో నిర్ణయించే పద్ధతి ఉంది. ఇదే చివరి మాట కాదు, దేశాల ఆఫీసులు మళ్లీ వెతుకుతాయి. కానీ ఈ దరఖాస్తు ఎక్కడైనా బతికితే మొదటి క్లెయిములోకి ఏడోది కలుపుకునే బతకాలి అనిపిస్తుంది. వాడి పెట్టెలో పొట్టి పిన్నే లేదు. ప్రతి మాడ్యూల్‌కూ వోల్టేజీని మార్చే సొంత డీసీ-డీసీ కన్వర్టర్ పెట్టాడు. వోల్టేజీలు సమానం కావలసిన అవసరమే రాదు. 30 నెలల గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకుని, ఆ తర్వాత ఏ దేశాల్లో ఏ క్లెయిములు మిగిలాయో చూడమన్నాను. సరేనని, ఆపేసిన నాలుగో మాడ్యూల్ సోల్డరింగ్ మళ్లీ మొదలుపెట్టాడు.