ఆర్ ఉచితమే, కానీ తిప్పలు వేరే చోట ఉన్నాయి

గణాంకాల లెక్కలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష గురించి ఒక వ్యాసం చదివాను. "ఆర్ ఉచితం కాబట్టి ప్రజారోగ్యం చదివే ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి" అన్నారు అందులో. ఒప్పుకుంటాను. కానీ నన్ను ఏడిపించింది కోడ్ కాదండీ, డేటా.

ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ప్రాజెక్టుకి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) మహిళల ఫైలు తీసుకున్నాను. 7,24,115 మంది, వేలల్లో కాలమ్‌లు. తెరవగానే నా పాత ల్యాప్‌టాప్ మొరాయించింది. ఆర్‌లో డేటా ఫైళ్లు చదివే హేవెన్ ప్యాకేజీలో కావాల్సిన కాలమ్‌లు మాత్రమే చదివించే వీలుందని తెలియడానికి నాకు వారం పట్టింది!

తర్వాత హిమోగ్లోబిన్. అందులో 112 అంటే డెసిలీటరు రక్తానికి 11.2 గ్రాములు, పదితో భాగించాలి. కొలవనివ్వని వాళ్లకి, వేరే కారణాలతో కొలత లేని వాళ్లకి 995, 996 లాంటి కోడ్‌లు ఉంటాయి. అవి తీయకుండా సగటు కడితే మన ఆడవాళ్లకి రక్తహీనతే లేదేమో అనిపిస్తుంది. నేను ఆ ఫలితాన్ని స్లైడ్‌లో కూడా పెట్టేశాను. గైడ్ మేడమ్ నవ్వి ఊరుకున్నారు కాబట్టి సరిపోయింది.

అసలు టెన్షన్ వెయిట్లతో, అంటే ఒక్కో మహిళ జవాబుకి లెక్కలో ఎంత బరువివ్వాలో చెప్పే అంకెలతో. అవి ఉండే వి005 కాలమ్‌ని 10 లక్షలతో భాగించి వాడాలి. ఒక ఊళ్లో ఎంపికైన వాళ్లంతా ఒకే క్లస్టర్ అని, స్ట్రాటా (శాంపిల్ తీసే ముందు జనాభాని విడగొట్టిన గుంపులు) ఏవని కూడా ఆర్‌కి చెప్పాలి. అందుకు థామస్ లమ్లీ రాసిన సర్వే ప్యాకేజీ ఉంది. వెయిట్లు వదిలేస్తే శాతాలే తప్పుతాయి; క్లస్టర్లు వదిలేస్తే, లేని కచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. రెండింటికీ ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

కొత్తవాళ్లు రంగుల గ్రాఫుల దగ్గర మొదలుపెడతారు, నేనూ అంతే. ముందు ఆ కుటుంబ ఆరోగ్య సర్వే రీకోడ్ మాన్యువల్, అంటే ఏ కాలమ్‌లో ఏ కోడ్‌కి ఏం అర్థమో చెప్పే పుస్తకం చదవండి. బోరే, కాదనను.