ఏనుగు బొమ్మ కొంటారా? వేపచెక్కది అడగండి

నేను నైరోబీలో ఉంటాను. సెలవులొస్తే ఊరి నుంచి ఎవరో ఒకరు సఫారీకి వస్తారు. మసాయి మారా చూసొచ్చాక చెక్కబొమ్మలు కొనాలి. కొట్లోకి అడుగు పెట్టగానే అందరిదీ ఒకటే మాట: "నల్ల చెక్కది చూపించు."

ఆ నల్ల చెక్క ఎంపింగో. మన జిట్రేగికి దాయాది. పైన లేత పసుపు పొర, లోపల నల్లటి చేవ, నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. క్లారినెట్లు కూడా దీంతోనే చేస్తారు. చెట్టు కోతకు రావాలంటే డెబ్బై ఏళ్లకు పైనే పడుతుంది. అలాంటిదాన్ని షోకేసులో పెట్టుకునే ఏనుగు కోసం కొట్టేయమంటున్నాం. నాకు కడుపు మండేది ఇక్కడే.

పోనీ మీ చేతికొచ్చేది అసలైనదేనా? నేనూ ఒకసారి నల్ల ఖడ్గమృగం కొన్నాను. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా నలుపు. అడుగున గోరుతో గీకితే తెల్ల చెక్క బయటపడింది. పూసింది బూట్ పాలిష్!

ఇక్కడ చెక్కేవాళ్లలో ఎక్కువమంది కాంబా జాతివాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ముతిస్యా ముంగే అనే ఆయన ఈ విద్యను ఇప్పటి టాంజానియాలో నేర్చుకుని తన ఊరు వమున్యుకు తెచ్చాడు. తర్వాత గిరాకీ పెరిగి ఎంపింగో, ముహుగు చెట్లు తరిగిపోయాయి. అందుకే మొంబాసా వైపు చాలామంది వేపకు మారారు. అవును, మన వేపే. మన దేశం నుంచే ఇక్కడికొచ్చింది. స్వాహిలీలో మ్వారోబైనీ అంటారు, నలభై జబ్బులకు మందని.

మొంబాసాలో ఒక పెద్దాయన పని చూశాను. నేలమీద కూర్చుని దుంగను రెండు పాదాల మధ్య బిగించి, బాడిసతో చిన్న చిన్న దెబ్బలు. ఏనుగు వీపు ముందు తేలింది. తొండాన్ని మాత్రం చాలాసేపు లావుగానే ఉంచాడు. పచ్చి చెక్క, తొందరపడి సన్నం చేస్తే ఆరేటప్పుడు చీలిపోతుందట.

మొన్న బాబాయి వచ్చి, "వేపచెక్క కోసం ఇంత దూరం రావాలా?" అన్నాడు. "బాబాయ్, మన పాతింటి గుమ్మాలు వేపవే కదా, చెదపురుగు ముట్టిందా?" అన్నాను. మాట్లాడకుండా బొమ్మ తిరగేసి, అడుగున రంగు పూయని చోట వేలితో రాసి చూశాడు. బేరం ఆడకుండా రెండు కొన్నాడు.