టమోటా పూత నిలవకపోతే ముందు చూడాల్సింది పువ్వునే

ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురం, కర్నూలు పల్లెల్లో మందు అంగళ్ల ముందు ఒకటే మాట: "పూత బ్రహ్మాండంగా ఉంది, పిందె పడడం లేదు." చేతిలో పెట్టి పంపేదీ ఒకటే, హార్మోన్ డబ్బా. కారణాలు నాలుగైదు ఉన్న చోట మందు ఒకటే ఎట్లా సరిపోతుంది?

పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమోటాలో పుప్పొడి చెడుతుంది. అందరూ పగటి ఎండనే తిడతారు గానీ రాత్రి ఉక్క చేసే నష్టం తక్కువదేం కాదు. పైగా పువ్వు విచ్చడానికి 8 నుంచి 13 రోజుల ముందే, మొగ్గలో ఉండగానే ఆ దెబ్బ తగులుతుంది. చెడిన పుప్పొడిని బాగుచేసే మందు ఏ అంగట్లోనూ లేదు.

అందుకే ఉదయం పది గంటలప్పుడు నాలుగు పూలు తెంపి చూడాలి. పసుపు గొట్టంలా ఉండే కేసరాలను దాటి కీలాగ్రం (పుప్పొడి పడాల్సిన నడిమి కాడ కొన) బయటికి పొడుచుకొచ్చిందంటే అది వేడి పనే. సెల్‌ఫోన్ అద్దం మీద పువ్వును తట్టితే పసుపు పొడి రాలాలి. పొడి బాగా రాలుతున్నా పిందె లేదంటే పూలకు కదలిక చాలడం లేదు. షేడ్‌నెట్ కింద ఇది మామూలే. టమోటా పూలలో తేనె ఉండదు, తేనెటీగలు పెద్దగా వాలవు. రోజూ పొద్దున కట్టెలనూ తీగలనూ తట్టి ఊపితే చాలు, పైసా ఖర్చు లేదు. తట్టినప్పుడు సన్నటి పురుగులు పాకితే అవి తామర పురుగులు, వాటి దారి వేరు.

ఆకు ముదురు పచ్చగా, కాండం లావుగా ఉంటే యూరియా ఎక్కువైనట్టు. అది ఆపి డ్రిప్‌లో 0-0-50 (నీళ్లలో కరిగే పొటాష్ ఎరువు) ఇవ్వాలి. బోరాన్ పిచికారీ చేస్తే 20 శాతం పొడి లీటరు నీటికి 1 గ్రాము, అంతే. మరీ ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి.

హార్మోన్ వాడకూడదని కాదు. ప్లానోఫిక్స్ అయితే నాలుగున్నర లీటర్లకు 1 మి.లీ., అంటే 15 లీటర్ల ట్యాంకుకు 3 మి.లీ. చాలు. మూత కొలతతో పోస్తే ఆకు ముడుచుకుని ఉన్న పూత కూడా రాలుతుంది.

నీడ కోసం 35 శాతం నెట్ సరిపోతుంది. చవగ్గా దొరికిందని 75 శాతంది కప్పితే వెలుతురు చాలక పూత మళ్లీ రాలుతుంది. మే నెలలో కాపు లేదని తోట పీకేసే ముందు చెట్టు పచ్చగా ఉందో లేదో చూడండి. పచ్చగా ఉంటే రోజూ కొద్దికొద్దిగా నీళ్లిచ్చి నిలబెట్టుకోవచ్చు. తొలకరితో రాత్రులు చల్లబడ్డా, మంచి పుప్పొడి ఉన్న పూలు విచ్చడానికి మరో పది రోజులైనా పడుతుంది.