యాభై మూడేళ్ళ శిశువు

దేశం ఎదుగుతోంది, జీడీపీ ఎదుగుతోంది, మురుగుకాలవ గట్టు మీద సర్కారు తుమ్మ కూడా నీళ్ళు పోయకుండానే ఏపుగా ఎదుగుతోంది, ఎదగనని మొండికేస్తోంది చిన్న వ్యాపారి ఒక్కడే. ఈ విషయంలో మన మైండ్‌సెట్ కోచ్‌లు ఎంత బాధపడుతున్నారో వాళ్ళ రీల్స్ చూస్తే తెలుస్తుంది. వాళ్ళ తరఫున ఈ నాలుగు ముక్కలు.

తెనాలిలో నాకు తెలిసిన కిరాణా కొట్టాయన ఒకాయన ఉన్నాడు. తెల్లారి నాలుగింటికి పాల వ్యాను దగ్గర ట్రేలు దించుకుంటే రాత్రి పదిన్నరకి షట్టర్ లాగడం, మధ్యలో అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చేత్తో చిల్లర ఇస్తుంటాడు. ఈయన్ని ఎలాగైనా మార్చాలని వాళ్ళబ్బాయి బెజవాడలో ఓ ఏసీ హోటల్లో పెట్టిన వర్క్‌షాప్‌కి పంపాడు. ఫీజు ఐదు వేలు, పైన జీఎస్టీ 18 శాతం. అదే ఆయన కొట్లో సబ్బులు, షాంపూల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే. ఒంటి మురికికి 5, మనసు మురికికి 18, రేట్లు ఎంత ఆలోచించి పెట్టారో చూడండి.

మొదటి సూత్రం, రోజూ ఐదింటికి లేవండి జీవితం మారిపోద్ది అన్నారు కోచ్ గారు. మనాయన చెయ్యెత్తి "సార్, నేను మూడున్నరకే లేస్తానండి, ఇంకో గంటన్నర పడుకోమంటారా?" అన్నాడంట. హాలంతా నవ్వారంట గానీ, నాకైతే ఆ ప్రశ్నలో నేర్చుకోవాలన్న తపన కనిపించలా. తర్వాత కళ్ళు మూసుకుని ఐదేళ్ళ తర్వాత మీ వ్యాపారం ఎలా ఉంటుందో ఊహించుకోండి అన్నారు. మూసుకున్నాడు, ఏసీ చల్లగా తగిలింది, గురక అందుకున్నాడు. కోచ్ గారు వచ్చి భుజం తట్టి ఏం కనిపించిందమ్మా అంటే "పాల వ్యాను వెళ్ళిపోయిందండీ" అని ఉలిక్కిపడి లేచాడంట.

ఇదండీ మనవాళ్ళ విజన్.

రోజూ రాత్రి కృతజ్ఞత డైరీ రాయమని కూడా చెప్పారు. ఆయన దగ్గర ఆల్రెడీ ఓ పొడుగాటి పుస్తకం ఉంది, అట్ట ఊడి నూనె మరకలతో, "మేడమీద మేడం పామాయిల్ 2, పెసరపప్పు కేజీ", "రైల్వే మేస్టారు పాత బాకీ 1,240" అని పేజీలకి పేజీలు. అందులో కృతజ్ఞత ఉండాల్సినవాళ్ళ లిస్టు పక్కాగానే ఉంది గానీ వాళ్ళెవరూ వర్క్‌షాప్‌కి రాలేదు, జీతాలు పడ్డ వారం కదా, సూపర్ మార్కెట్లో ట్రాలీ తోసుకుంటూ ఉన్నారు. సమస్య బయట లేదు, మీ లోపలే ఉంది అన్నారు కోచ్ గారు. నిజమే, పుస్తకం గల్లాపెట్టె లోపలే ఉంటుంది.

ప్రభుత్వం కూడా తన వంతు చేస్తూనే ఉంది. 2015లో చిన్న వ్యాపారులకని ముద్ర లోన్లు పెట్టినప్పుడే ఎదుగుదలకి మెట్లు కట్టేసింది, 50 వేల దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్, అది తీర్చినవాళ్ళకి 2024 నుంచి 20 లక్షల దాకా తరుణ్ ప్లస్. మనాయనకి యాభై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, కాగితాల్లో ఇంకా శిశువే. కిశోర్ అవుదామని బ్యాంకుకెళ్తే గోడ మీద "తాకట్టు అక్కర్లేదు" అని పోస్టరు, సరిగ్గా దాని కింద కూర్చున్న సారు మాత్రం "ఇల్లు ఎవరి పేరు మీదుంది?" అని అడిగాడంట. ఇంకో శుభవార్త కూడా ఉంది, 2025 ఏప్రిల్ నుంచి యంత్రాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ పది కోట్లు దాటనంతవరకు సూక్ష్మ పరిశ్రమే, అంటే ఇంకెంత ఎదిగినా కంటికి కనపడకుండా ఉండొచ్చు.

అసలు కనపడకుండా ఉండటమే మంచిదనుకునే జబ్బు ఒకటి వీళ్ళకి. 2025 జూలైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న కొట్లవాళ్ళకి జీఎస్టీ నోటీసులు పంపితే, సంతోషించాల్సింది పోయి, క్యూఆర్ కోడ్‌లు పీకేసి క్యాష్ మాత్రమే అని కాగితాలు అంటించారు. మీరు ఎదిగారోయ్ అని పన్నుల శాఖవాళ్ళే స్వయంగా సర్టిఫికెట్ ఇస్తుంటే వద్దనేవాళ్ళని ఏ కోచ్ మాత్రం ఏం చేస్తాడు?

చివరిగా సమోసాలాయన సంగతి. ఆ వర్క్‌షాప్‌కి టీలు, సమోసాలు వేసిందీ ఓ చిన్న వ్యాపారే. రిజిస్టరైన చిన్న సంస్థలకి మహా అయితే 45 రోజుల్లో డబ్బులు కట్టేయాలని, లేటైతే చక్రవడ్డీ కూడా ఇవ్వాలని 2006 నాటి చట్టంలో ఉంది, ఈయన అది ప్రింటు తీయించుకుని మరీ రెండు నెలలు దాటాక ఫోన్ చేశాడంట. కోచ్ గారి ఆఫీసులో అమ్మాయి చాలా ఓపిగ్గా, డబ్బు డబ్బు అని అలా వెంటపడితే డబ్బు రాదండీ, ముందు ఆ లేమి మైండ్‌సెట్ నుంచి మీరు బయటికి రావాలి, వచ్చే బ్యాచ్‌లో మీకో సీటు ఉంచుతాం అని చెప్పి, అడ్వాన్స్ మాత్రం ఇవాళే కొట్టమని క్యూఆర్ కోడ్ పంపింది.